పెంటయ్య తలెత్తిన పొద్దు

పొద్దున్నే కింద కార్ఖానాలో సాంచాలు మొదలైతే, పైన ఇంట్లో గూట్లోని గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడతాయి. భివండీలోని కామత్‌ఘర్‌లో ఆ మరమగ్గాల రొదకు నిద్ర లేవని ఇల్లు లేదు. దత్తాత్రి ఇంట్లో మాత్రం ఈ మధ్య దానికంటే ముందే ఇంకో చప్పుడు లేస్తోంది. కోడలు కాజల్ ఫోను టింగుమంటుంది. వెంటనే ఒక ఆడగొంతు మరాఠీలో, కోపమన్నది పుట్టుకతోనే ఎరగనట్టు, "ఆజ్ బాళ్ పోటావర్ ఖేళలం కా?" అని అడుగుతుంది. ఈరోజు బాబు బోర్లా పడుకుని ఆడుకున్నాడా అని.

"ఆడలే. ఆడడు. గా మాట నీ ఫోన్ల డాక్టరమ్మకు చెప్పు," అంది దత్తాత్రి భార్య సత్తెమ్మ, మనవణ్ణి భుజం మీది నుంచి దించకుండానే.

రొట్టెల పిండి పిసుకుతున్న కాజల్ పళ్ళు బిగబట్టింది. పొద్దున కళ్ళు తెరిచినప్పటి నుంచి ఆ పిల్లాడు అయితే నానమ్మ భుజం మీద, కాకపోతే చీరతో కట్టిన తొట్టెలలో. వాడి వీపు నేలకు ఆనితేనే ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది. ఇక బోర్లా అంటే చెప్పనే అక్కర్లేదు.

"అత్తమ్మా, జర సేపు. నేను పక్కనే కూసుంట. మెడకు బలం రావాల్నంటే గట్లనే పండుకోబెట్టాలె."

"ఎవ్వలు చెప్పిన్రు?"

"దవఖాన్ల మేడం."

"గదే దవఖాన్ల డాక్టరు ఆనాడు నా ముంగట చెప్పిండు. బోర్ల ఎయ్యద్దు, చంకల చేతులు పెట్టి లేపద్దు అని. నా శెవులతోని విన్న. వద్దన్నోడు మనిషి, ఎయ్యుమన్నది ఫోను. నేను ఎవ్వల మాట వినాలె?"

కాజల్ జవాబుగా పిండినే ఇంకాస్త గట్టిగా గుద్దింది.

పుట్టిన రెండో వారంలోనే శ్రేయస్‌కు ముంబైలో గుండె ఆపరేషన్ అయింది. పాల కోసం నోరు తెరిచి, రెండు గుక్కలకే అలిసిపోయి, పెదవులు నీలంగా మారిన పిల్లాడు వాడు. అరచేతంత ఛాతీని తెరిచి గుండెను సరిచేసి, మళ్ళీ మూసి ఇచ్చారు. ఇంటికి పంపేటప్పుడే డాక్టర్లు చెప్పారు: ఇంత చిన్నప్పుడు ఇంత పెద్ద ఆపరేషన్ అయిన పిల్లలకు మెడ నిలవడం, బోర్లా పడడం, కూర్చోవడం ఆలస్యమవుతాయి, మొదట్లో కోత మానేదాకా భద్రం, ఆ తర్వాత మాత్రం ఆడించాల్సిందే అని. ఆడించడం నేర్పడానికే హాస్పిటల్ వాళ్ళు ఫోనులో పెట్టించిన ఆ యాప్. రోజుకో చిన్న ఆట చూపిస్తుంది. తల్లి ఆడించి, చిన్న వీడియో తీస్తే, అది హాస్పిటల్లో పిల్లల ఎదుగుదల చూసే ప్రగతి మేడంకు వెళుతుంది. ఆవిడ చూసి, ఇలా కాదు అలా అని చెబుతుంది.

మూడో నెలలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఎముక పూర్తిగా అతుక్కుందని, ఇక బోర్లా వెయ్యమని డాక్టరే నోటితో చెప్పాడు. ఆ రోజు వెళ్ళింది కాజల్, ఆమె భర్త భూషణ్. సత్తెమ్మ వెళ్ళలేదు. ఆవిడ విన్నది మొదటి మాట ఒక్కటే, ఇప్పటికీ దాన్నే పట్టుకుని వేలాడుతోంది.

పిల్లాడికి ఐదు నెలలు నిండాయి. దొంగచాటుగా ఎప్పుడైనా బోర్లా వేస్తే చెంప చాపకు ఆనించి ఏడుస్తాడు తప్ప తల ఎత్తడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. యాప్‌లో ఆ రెండు గడులూ ఎర్రగా వెలుగుతున్నాయి. మొన్న ప్రగతి మేడం గొంతు తగ్గించి మాట్లాడింది. వచ్చే వారం తీసుకొచ్చేదాకా ఇలాగే ఉంటే మెదడుకు కూడా పరీక్షలు చెయ్యాలంది. ఆపరేషన్‌కు ముందు, వాడు నీలంగా ఉన్న ఆ రోజుల్లో ఏమైనా దెబ్బ తగిలిందేమో చూడాలంది. ఆ మాట విన్నప్పటి నుంచి కాజల్‌కు ముద్ద దిగడం లేదు. కొడుకు మెదడు పాడైందా, లేక ఈ ఇల్లే వాణ్ణి కదలనివ్వక పాడు చేస్తోందా? ఎవరు చెబుతారు?

ఇక పేరు సంగతి తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది.

హాస్పిటల్ నుంచి తెచ్చిన మర్నాడే సత్తెమ్మ వాణ్ణి చాటలో పడుకోబెట్టి, కార్ఖానా వెనక తెగిన నూలు, దూది పడేసే కుప్ప మీద పెట్టింది. గల్లీ ఊడ్చే ఆమె వచ్చి ఎత్తుకుని, "ఈ బిడ్డ నాకు దొరికిండు" అంది. సత్తెమ్మ దోసెడు నూకలు ఇచ్చి వాణ్ణి కొనుక్కుంది. పెంట మీద దొరికినవాడు కాబట్టి పేరు పెంటయ్య. ఎందుకూ పనికిరానివాడి మీద మృత్యువు కన్ను పడదట. దుమ్ము తగలనివ్వొద్దు, చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దు అని డాక్టర్లు వంద సార్లు చెప్పిన పిల్లాడు!

"గుడ్డ పరిసిన, చాటల పెట్టిన, దుమ్మేడ తాకింది?" అని ఆవిడ వాదన.

కాజల్ ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఫలితం ఏమీ లేదు. కొనుక్కున్న పేరు కొనుక్కున్నట్టే నిలిచింది. గల్లీ గల్లీ అంతా పెంటయ్య అనే పిలుస్తుంది. "మంచి పేరెందుకు పెట్టుకున్నం మరి? స్కూల్ల పెంటయ్య అని రాయించాల్నా?" అని ఆమె భర్తను నిలదీస్తే, భూషణ్ తల గోక్కుని, "అమ్మ నమ్మకం అమ్మది, నీ పేరు నీది, ఏమైతది పోనీ" అన్నాడు. భూషణ్ ఎప్పుడూ అంతే. తల్లి దగ్గర ఔను, పెళ్ళాం దగ్గర ఔను. మధ్యలో నలిగేది తాను కాదు కాబట్టి అతనికి అన్నీ సులువే. పంతానికి కాజల్ ఒక్కతే కొడుకును శ్రేయస్ అని పిలుస్తుంది. టెంఘర్‌లో, సాంచాల రొద లేని కిరాణా దుకాణం వాళ్ళింట్లో పుట్టి పెరిగిన ఆమెది మెత్తని గొంతు. ఆ పిలుపు కింది రొదలో ఆమెకే సరిగా వినపడదు.

ఆ పొద్దున టీ తాగాక సత్తెమ్మ పిల్లాణ్ణి తొట్టెలలో వేసి, నూలు కండెలు చుట్టడానికి కిందికి దిగింది. కాజల్ మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఆగింది. తర్వాత గబగబా చాప పరిచి, తువ్వాలు గుండ్రంగా చుట్టి పెట్టింది. ఫోనును పప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, రికార్డింగ్ నొక్కింది. కొడుకును తీసి, ఛాతీ కింద తువ్వాలు వచ్చేలా బోర్లా పడుకోబెట్టింది.

సొంత ఇంట్లో, సొంత కొడుకును నేల మీద పడుకోబెట్టడానికి దొంగలా చేయాల్సి వస్తోంది.

"శ్రేయస్... శ్రేయస్ బేటా... గిటు చూడు, అమ్మను చూడు."

వాడు చూడలేదు. చెంప తువ్వాలుకు ఆనించి, పిడికిళ్ళు బిగించి, ఏడుపు మొదలుపెట్టాడు. ఆమె గిలక ఊపింది. ఈ పక్కకు వచ్చింది, ఆ పక్కకు వెళ్ళింది. పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. వాడి ఏడుపు పెరిగింది తప్ప తల ఇంచు లేవలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కింద సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పిల్లాడి ఏడుపు కార్ఖానా దాకా వినిపించింది.

మెట్లు ఎక్కడం కాదు, సత్తెమ్మ మెట్లు మింగుతూ వచ్చినట్టు వచ్చింది. గుమ్మంలోనే బోర్లా ఉన్న మనవణ్ణి చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో పెంటిగా! పెంటిగా, నా కొడుకా! ఏం పాపం జేసినవురా! సంపుతున్నది, నిన్ను సంపుతున్నది!"

"చంపుత లేను, అత్తమ్మా! ఆగు, ముట్టుకోకు!"

"నువ్వు ముట్టుకోకు! తల్లివా నువ్వు? కోసిన శాతి మీద పండవెడ్తవా?"

ఆవిడ ఒక్క అంగలో వచ్చి పిల్లాణ్ణి ఎత్తి అదుముకుంది. కాలు తగిలి పప్పు డబ్బా, దాంతో ఫోను కింద పడ్డాయి. కాజల్‌కు ఇక కోపం ఆగలేదు.

"ఐదు నెలలైంది! వానికి మెడ నిలుస్త లేదు, ఎందుకో తెలుసా? నువ్వు నిలవనిస్త లేవు! ముంబైల డాక్టర్లు గుండె కోసి బాగు చేసిన్రు. ఇంటికొచ్చినంక మంచిగున్న మెడను నువ్వు ఖరాబ్ చేస్తున్నవు. రేపు వాడు కూసోలేడు, నడవలేడు, అప్పుడు కూడా భుజం మీద ఏస్కొనే తిరుగుతవా? పెంటయ్యనట! చెత్త మీద పెట్టి, చెత్త పేరు పెట్టి, ఇప్పుడు చెత్తలెక్కనే మూలకు కూసోబెడ్తవా నా కొడుకును?"

"నోరు జర దగ్గర పెట్టుకో, బిడ్డా."

అన్నది దత్తాత్రి. కరెంటు లేక పని ఆగి, తండ్రీ కొడుకులు ఇద్దరూ పైకి వచ్చారు. దత్తాత్రి కుర్చీలో కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. భూషణ్ గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి వస్తే ఏ పక్క నిలబడాలో తేల్చుకోవాల్సి వస్తుందని కాబోలు.

"పొద్దుగాల లేస్తే లొల్లి, పండుకోబోతే లొల్లి," అన్నాడు దత్తాత్రి. "గల్లీ అంత వింటున్నది. గా ఫోను ఇంట్లకొచ్చినకాడికెల్లి మనశ్శాంతి లేదు. భూషణ్, గా ఆప్ ఏందో తీసెయ్. బిడ్డా కాజల్, నువ్వు నాలుగు దినాలు టెంఘర్ల మీ అమ్మగారింటికి పోయి రా. తలకాయ సల్లవడ్తది. పిలగాడు ఈడ్నే ఉంటడు. మీ అత్త సూస్కుంటది."

కాజల్‌కు మొదట ఆ మాట అర్థం కానట్టే ఉంది. అర్థమయ్యాక మామ కుర్చీకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నా కొడుకును ఇడిసిపెట్టి నేను పోవాల్నా, మామా?"

"ఇడిసిపెట్టుమనలే. నాలుగు దినాలు."

"వాడు ఐసీయూల ఉన్నప్పుడు నేను బయట నేల మీద పండుకున్న. లోపలికి రానియ్యకపోతే అద్దంలకెల్లి చూసిన. అప్పుడు ఎవ్వలన్న నన్ను టెంఘర్ పొమ్మన్నరా? ఇప్పుడు వాడు బతికినంక, బాగు చేస్కుందామంటే, నేను ఎక్కువైన్నా?" ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వన్న చెప్పు. డాక్టర్ చెప్పినప్పుడు నువ్వు నా పక్కన లేవా? నీకు శెవులు లేవా?"

భూషణ్ గోడ వంక చూశాడు. "ఉన్న గని... అమ్మకు భయం గదా, కాజల్. జర నిమ్మలంగ..."

"నిమ్మలంగనా? వచ్చే వారం మెదడు పరీక్షలు అంటున్నరు. ఇంకెంత నిమ్మలం కావాలె నీకు?"

మెదడు అన్న మాటకు సత్తెమ్మ పిల్లాణ్ణి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. అంతలో నేల మీద పడ్డ ఫోను మోగింది. ప్రగతి మేడం వీడియో కాల్.

కాజల్ తెర చూసి ఫోను అందుకోకుండా ఆగింది. రెండు నిమిషాలు నిండి రికార్డింగ్ ఆగగానే వీడియో దానంతట అదే హాస్పిటల్‌కు వెళ్ళిపోతుంది. అంటే ఇంటి కొట్లాట అంతా, అత్త తిట్లు, తన అరుపులు, అన్నీ అక్కడ ఒకరు చూసేశారన్నమాట. ఎత్తకుండా ఉండలేక ఎత్తింది.

"కాజల్, ఆ వీడియో మళ్ళీ చూశావా?" మరాఠీలో అడిగింది ప్రగతి మేడం. ఆవిడ ముఖంలో కోపం లేదు.

"లేదు మేడం. సారీ మేడం. ఇంట్లో కొంచెం..."

"ఇంటి సంగతి తర్వాత. అందరినీ పిలిచి ఒకసారి చూడు. బాబు వాళ్ళ ఆజీని, నానమ్మని కూడా. నేను లైన్లోనే ఉంటాను."

కాజల్ వీడియో పెట్టింది. భూషణ్ దగ్గరికి వచ్చాడు. దత్తాత్రి కుర్చీలోంచి మెడ చాచాడు. సత్తెమ్మ మాత్రం చూడనట్టు నిలబడి, ఓరకంట చూసింది. తెర మీద పిల్లాడు చెంప తువ్వాలుకు ఆనించి ఏడుస్తున్నాడు. కాజల్ గొంతు శ్రేయస్, శ్రేయస్ అంటోంది. వాడికి ఆ మాటతో సంబంధమే లేదు. ఇంతలో గుమ్మం వైపు నుంచి సాంచాల రొదను చీల్చి చీల్చి రాటుదేలిన గొంతు: "పెంటిగా!"

పిల్లాడి ఏడుపు ఆగింది. రెండు మోచేతులూ తువ్వాలు మీద నొక్కుకున్నాయి. తల లేచింది. ఊగింది, పడబోయింది, మళ్ళీ లేచింది. ఆ లేచిన తల మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. రెండోసారి "పెంటిగా, నా కొడుకా" అన్న పిలుపుకు వాడు నోరు తెరిచాడు. అది ఏడుపు కాదు, చూసి గుర్తుపట్టిన ముఖం. అంతలోనే సత్తెమ్మ కాళ్ళు అడ్డొచ్చి, ఫోను పడిపోయి, తెరంతా ఇంటి పైకప్పు అయింది.

ఆ గొడవలో, ఆ గదిలోనే ఉండి, కన్నతల్లి కూడా అది చూడలేదు.

"చూశారా? తల ఎత్తాడు. శబ్దం ఎటు వచ్చిందో అటు తిరిగాడు. గుర్తుపట్టాడు," అంది ప్రగతి మేడం. "ఐదు వారాలుగా నేను ఎదురుచూస్తున్నది ఇదే. వచ్చే వారం ఎలాగూ పూర్తిగా పరీక్షించి చూస్తాను కానీ, కాజల్, నువ్వు రాత్రి నిద్రపో. ఇంతకీ ఆ పెంటా అంటే ఏమిటి?"

కాజల్ ముఖం ఎర్రబడింది. చదువుకున్న మనిషికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు. నసుగుతూ, "ఉకిర్డా" అంది మరాఠీలో. చెత్తకుప్ప. వాడు బతకాలని అత్తగారు అలా పిలుస్తారని చెప్పి తల దించుకుంది.

అటు వైపు నుంచి పెద్ద నవ్వు వినిపించింది. "మా తాత పేరు దగడూ! ఆయనకు ముందు పుట్టినవాళ్ళు ఎవరూ దక్కలేదట. రాయి అని పేరు పెడితే దేవుడు ముట్టుకోడని మా ముత్తవ్వ పెట్టింది. ఎనభై ఏళ్ళు దాటి బతికాడు. సిగ్గెందుకు? మీరంతా వాణ్ణి ఒక పేరుతో పిలిచి, నువ్వొక్కదానివే ఇంకో పేరుతో పిలిస్తే, వాడు దేనికి తిరగాలి పాపం? యాప్‌లో పేరు నేనే మార్చేస్తాను."

మరాఠీ బడిలో చదివిన కాజల్‌తో ఒక దగడూ, ఒక ధోండూ అదే బెంచీల మీద కూర్చుని చదివారు. ఆ పేర్లు ఎందుకు పెట్టారో ఆమెకు తెలుసు. వాటి మీద ఆమెకు ఏనాడూ కోపం రాలేదు. తన ఇంట్లో పెట్టిన పేరు మీదే వచ్చింది.

సత్తెమ్మ అప్పుడు ఒక అడుగు ముందుకు వేసింది. ఐదు నెలల్లో ఆవిడ ఆ ఫోనుతో మాట్లాడడం అదే మొదటిసారి. బజారు హిందీలో, సగం భయంగా, సగం దబాయింపుగా అడిగింది.

"మేడం, పేట్ పే సులాయా తో తార్ నై టూటేగా?" బోర్లా వేస్తే తార్ తెగదా అని.

"తార్? ఏ తార్, ఆజీ?"

"అందర్ కా. మేరా లడ్కా బోలా, హడ్డీ కో తార్ సే బాంధా." లోపలిది, ఎముకను తార్‌తో కట్టారని తన కొడుకు చెప్పాడని.

ప్రగతి మేడంకు అర్థం కాలేదు. కాజల్‌కు అర్థమైంది. అత్త తార్ అంటే ఏమనుకుందో ఆమె మేడంకు మరాఠీలో చెప్పింది.

భివండీలో సాంచా మీది పోగును అందరూ తార్ అనే అంటారు. నూలు పోగు. ముట్టుకుంటే తెగుతుంది, లాగితే తెగుతుంది, ఊరికే కూడా తెగుతుంది. పెళ్ళై ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి సత్తెమ్మ చేసిన పని అదే: తెగిన తార్‌ను ముడి వేయడం, అది మళ్ళీ తెగితే మళ్ళీ ముడి వేయడం. ఆపరేషన్ రోజు డాక్టరు, ఛాతీ ఎముకను తార్‌తో కట్టామని భూషణ్‌కు చెప్పాడు. భూషణ్ ఆ మాటను అట్లాగే తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. అప్పటి నుంచీ ఆవిడ మనవడి ఛాతీ నూలుపోగుతో నిలబడి ఉందనుకుంటోంది. తుమ్మితే భయం. ఏడిస్తే భయం. బోర్లా వేస్తే తార్ తెగి, ఛాతీ విచ్చుకుని, గుండె బయటపడుతుందని భయం.

"స్టీల్ తార్, ఆజీ!" అంది మేడం, సంగతి తెలిశాక. "సన్నటి ఇనుప తీగలాంటిది. ఇప్పుడు దానికి కూడా పని లేదు. ఎముక ఎముక అతుక్కుపోయింది. నేనే ఫోటో చూశాను. తెగడానికి ఏమీ లేదు."

సత్తెమ్మ మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

"స్టీల్ తారా?"

"నేను చెప్పలేదా, అమ్మా?" అన్నాడు భూషణ్, గొంతు లోపల్నుంచి.

"ఎప్పుడు చెప్పినవురా! తార్ తోని కట్టిన్రు అన్నవు. స్టీల్ అన్న మాట నీ నోట్లకెల్లి వచ్చిందా? మూడో నెల దవఖానకు పోయొచ్చినంక, బొక్క అతుక్కున్నదని చెప్పినవా? 'అంత మంచిగనే ఉన్నదట' అని చెప్పి బువ్వ తిని పండుకున్నవు! నీకు ఒక్క మాట బరువైంది. నాకు ఐదు నెలలు నిద్ర లేదు. పిలగాడు దగ్గితే నా పానం గజగజ వణికింది. గిదేనా నువ్వు సంసారం జేసే తీరు?"

"సత్తెమ్మా, పోనీ తియ్," అన్నాడు దత్తాత్రి. "కోడలు నాలుగు దినాలు..."

"కోడలు ఏడికి పోతది? పోతే నువ్వు పో టెంఘర్. మనిషిని ఇంట్లకెల్లి పంపేముందుగాల నన్నొక మాట అడిగినవా?"

దత్తాత్రి మళ్ళీ ముఖం తుడుచుకున్నాడు. లోపల్లోపల కాజల్‌కు ఎంత చల్లబడిందో చెప్పలేం. కానీ ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. సత్తెమ్మ చూపు ఆమె మీదికి తిరిగింది. ఆ కళ్ళ నిండా నీళ్ళు.

"నువ్వన్న చెప్పద్దా, పిల్లా? ఆ ఫోను అడుగుతే దినాం జవాబు చెప్తివి. ఎన్ని పాలు తాగిండు, ఎంత సేపు పండుకున్నడు, ఎట్ల ఆడిండు, అన్ని దానికి చెప్పినవు. దినమంత వాన్ని మోసేదాన్ని నేను. నాకొక్క దినం కూసోబెట్టి చెప్పినవా? డాక్టర్ చెప్పిండు, మేడం చెప్పింది, ఆప్ చెప్పింది. ఎందుకు భయపడుతున్నవు అత్తమ్మా అని ఒక్క పారి అడిగినవా?"

కాజల్ నోరు తెరిచింది. అడిగానని చెప్పబోయింది. అడగలేదు. తిట్టుకుంది, దాచుకుంది, పంతం పట్టింది, ఆవిడ కిందికి వెళ్ళేదాకా కాచుకుంది. ఆ భయం ఏమిటో మాత్రం అడగలేదు. మొండితనం అనుకుంది, చదువు లేనితనం అనుకుంది. అన్నన్ని రోజులూ ఆవిడ తెగుతుందనుకున్న తార్‌ను రెండు చేతులతో పట్టుకుని నిలబడిందని ఇప్పుడు తెలిసి, కోపమంతా ఎక్కడికో పోయి, ఏడుపు ముంచుకొచ్చింది.

"అడగలే, అత్తమ్మా," అంది. "అడగాల్సి ఉండె."

ఆమె దగ్గరికి వెళ్ళి, పిల్లాడి చొక్కా గుండీలు విప్పింది. ఛాతీ మధ్యలో పై నుంచి కింది దాకా సన్నని గులాబీ గీత. స్నానం పోసేటప్పుడు సత్తెమ్మ వాడి కాళ్ళకు, చేతులకు, వీపుకు నూనె రుద్దేది. ఛాతీ వచ్చేసరికి కోడలికి వదిలి ముఖం తిప్పుకునేది. కాజల్ ఇప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ గీత మీద పెట్టింది.

"వత్తు, అత్తమ్మా. భయం లేదు, జర వత్తి చూడు."

కండెలు చుట్టి చుట్టి మొద్దుబారిన వేళ్ళు ముందు తాకీ తాకనట్టు ఆగాయి. తర్వాత మెల్లగా ఒత్తాయి. పిల్లాడికి చక్కిలిగింత పుట్టి కాళ్ళు కొట్టుకున్నాడు.

"గట్టిగున్నదే," అంది సత్తెమ్మ. ఇంకోసారి ఒత్తింది. "రాయి లెక్క గట్టిగున్నది కదనే, కాజల్!"

అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఫోనులో ప్రగతి మేడం, సాయంత్రం మళ్ళీ చేస్తానని మెల్లగా చెప్పి పెట్టేసింది. దత్తాత్రి గొంతు సవరించుకుని కిందికి దిగిపోయాడు. భూషణ్‌ను మాత్రం ఇద్దరు ఆడవాళ్ళూ కదలనివ్వలేదు. చాప సరిచేయించారు, రొట్టెలు అతనే కాల్చాలని పొయ్యి దగ్గరికి తోలారు.

కాసేపటికి సత్తెమ్మ కళ్ళు తుడుచుకుని, తానే పిల్లాణ్ణి చాప మీద బోర్లా పడుకోబెట్టింది. ఎదురుగా ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. వాడు చెంప ఆనించి, ఎప్పటిలాగే ఏడుపు అందుకున్నాడు. సత్తెమ్మ చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి. కాజల్ ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"ఎత్తుకుంటనే, గుక్కపడ్తున్నడు."

"వద్దు, అత్తమ్మా. జర సేపు. వాడే లేస్తడు."

నిజానికి కాజల్ చేతులు కూడా వాణ్ణి ఎత్తుకోవాలనే లాగుతున్నాయి. అత్త చేతుల్ని పట్టుకున్నది ఆవిడ కోసం సగమే, తన కోసం సగం. సత్తెమ్మకు అది తెలిసినట్టుంది, ఆవిడ కూడా కోడలి వేళ్ళను బిగించి పట్టుకుంది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు వదలకుండా, ఒక్కరూ కదలకుండా, కళ్ళ నీళ్ళతో వాడి మోచేతుల వైపే చూస్తూ కూర్చున్నారు.